దాడి రాని ఆదివారం

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. పాలవాడు పోసిన పాలు నురుగు దిగేదాకా చూసిగానీ గిన్నె లోపలికి తీసుకుపోను. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నావిడ నన్ను చూసి నవ్విందంటే ముందు నా బ్యాగు జిప్పు తడుముకుంటాను. కల్లూరులో మేము ఇల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రీ నాకు జడిసి సిమెంటు మూటలు నా కళ్ళెదుటే విప్పించేవాడు. "నీకు కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం ఎవరిచ్చారో గానీ, పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టాల్సింది" అంటాడు మా ఆయన. అననీ. అనుమానించి చెడినవాళ్ళ కంటే నమ్మి చెడినవాళ్ళే లోకంలో ఎక్కువ.

ఈ బుద్ధికి మర్యాద దక్కేది ఒక్కచోటే, నేనూ మా తమ్ముడూ ఆడుకునే కంప్యూటరు ఆటలో. మేమిద్దరం కర్నూలులో ఒకే గదిలో ఉండి చదువుకునే రోజుల్లో వాడే నాకు నేర్పాడు. తెరమీద ఒక మూల నా ఊరు, ఇంకో మూల వాడి ఊరు. మధ్యలో అడవి, ఏరు, అంతా చీకటి. మన మనిషిని పంపించి చూస్తే తప్ప ఎదుటివాడు ఏం చేస్తున్నాడో కనపడదు. చదరంగంలో మాదిరి వంతులు లేవు, ఇద్దరూ ఒకేసారి ఆపకుండా ఆడాలి. మొదట చేతిలో కొద్దిమంది కూలీలే ఉంటారు. వాళ్ళతో కట్టెలు కొట్టించాలి, బంగారం తవ్వించాలి, గాదె కట్టి దాని చుట్టూ పొలాలు వేయించాలి. వచ్చిన రాబడితో ఇంకా కూలీలను తెచ్చుకోవచ్చు, లేదా ఈటెలు పట్టే బంట్లను తెచ్చుకోవచ్చు.

ఆటంతా ఆ 'లేదా' దగ్గరే ఉంది. ఎదుటి ఊరు ఇంకా లేచి నిలబడకముందే దొరికిన నలుగురు బంట్లతో పోయి మీద పడటం ఒక దారి. తగిలితే ఆట అప్పుడే అయిపోతుంది. తప్పితే మాత్రం అంతే సంగతులు, ఎందుకంటే తెచ్చిన ప్రతి బంటుకూ ఒక కూలీ తగ్గినట్టే, ఇంటి దగ్గర పొయ్యిలో పిల్లి లేవదు. రెండో దారి గోడ కట్టుకుని, పొలాలు పెంచుకుని, కడుపు నిండాక పెద్ద దండుతో బయలుదేరడం. దీంట్లో భయమల్లా ఆ కడుపు నిండేలోపల ఎవడైనా వచ్చి పడతాడేమోనని.

మా తమ్ముడిది ఎప్పుడూ మొదటి దారే. నేను పోసుకున్న టీ చల్లారకముందే వాడి ఈటెలు నా గోడ దగ్గర ఉండేవి. "పైరు చేతికొచ్చేదాకా ఉండేదెవురు, పోయేదెవురుక్కా? ఉన్నపుడే పోయి కొట్టాల" అనేవాడు. "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడిరా" అనేదాన్ని నేను. నేను గోడ కట్టేది ఓపికతో కాదు, వాడు వస్తాడన్న అనుమానంతో. మా ఇద్దరికీ అది సరిగ్గా సరిపోయింది.

వాడి తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మాది కోసిగి దగ్గర పల్లె. పంట పోయిన ఏడు, అంటే ఇంచుమించు ప్రతి ఏడూ, చలి తగ్గే వేళకు జనం లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. మా దిక్కు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మా అమ్మా నాన్నా మమ్మల్ని అవ్వ దగ్గర విడిచి పోయేవాళ్ళు. గింజ వేసి ఎదురుచూస్తే ఏమవుతుందో వాడు చిన్నప్పుడే చూశాడు. నేనూ చూశాను, కానీ నాకిప్పుడు ఒకటో తేదీ జీతం వస్తోంది కాబట్టి పొలం మీద నమ్మకం కుదిరింది. వాడు డిగ్రీ చదివి కూడా మా పల్లెకే తిరిగిపోయి సేద్యం పట్టాడు. కల్లూరుకు రా, మా ఆయన పనిచేసే పైపుల ఫ్యాక్టరీలో ఏదో ఒకటి చూద్దామంటే విన్లేదు. "అయితే వాన రాని ఏడు నువ్వు కూడా సుగ్గికే పోతావు చూడు" అన్నాను ఒకసారి కోపంతో. "సచ్చినా పోను" అన్నాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. మళ్ళీ మమ్మల్ని కలిపింది ఆదివారం మధ్యాహ్నం ఆటే. ఒక ఆదివారం వాడు ఆటకు రాకపోతే మరుసటి రోజు పొద్దున బస్సుకే పోయి వాళ్ళ వాకిట్లో దిగాను. తీరా చూస్తే వాళ్ళ ఊళ్ళో కరెంటు లేదు. "కరెంటు పోయినా అనుమానమేనాక్కా నీకు?" అని కడుపు పట్టుకుని నవ్వాడు.

ఈ ఏడు మిరప కోతలు మొదలయ్యాక, ఒక ఆదివారం వాడి దాడి రాలేదు.

గోడ కట్టాను. బంట్లను నిలబెట్టాను. టీ తాగేశాను. ఎవరూ రాలేదు. మామూలుగా కంప్యూటరు మైకులో నన్ను వెక్కిరిస్తూ ఆడేవాడు, ఆ రోజు గొంతు కూడా లేదు. "మైకు పోయిందక్కా" అని తెరమీద అక్షరాలు వచ్చాయి. ఇదేదో ఎత్తు అనుకున్నాను. నన్ను బయటికి రప్పించి వెనకనుంచి వస్తాడని ఇంకో గోడ కట్టాను. చివరికి పెద్ద దండుతో, పక్కలు చూడకుండా నేరుగా ఊరి నడుమకు పోతే అక్కడ కాచుకున్నవాడు ఒక్కడూ లేడు. ఊరికే గెలిచాను. ఊరికే వచ్చిన గెలుపు నాకు అరగదు.

తర్వాతి ఆదివారమూ అంతే. నాకు నిద్ర పట్టడం మానేసింది. వారం మధ్యలో వాడికి ఫోను చేస్తే వెనక పదిమంది మాటలు వినపడ్డాయి. "ఎక్కడున్నావురా?" అంటే "పెండ్లికొచ్చినాక్కా" అన్నాడు. రెండు రోజులాగి మళ్ళీ చేస్తే మళ్ళీ అవే గొంతులు. ఈసారి పంచాయితీ అన్నాడు. పెళ్ళిళ్ళూ పంచాయితీలూ అన్నీ మా తమ్ముడి చుట్టూనే ఎందుకు జరుగుతున్నాయి? పేకాటలో పడ్డాడని ఒక రోజు అనుకున్నాను. మొగుడూ పెళ్ళామూ పోట్లాడుకుని వీడు ఇల్లు వదిలి ఎవరి పంచనో పడుకుంటున్నాడని ఇంకో రోజు అనుకున్నాను. మరదలి మీద కూడా అనుమానం వచ్చింది, నేను ఫోను చేస్తే ఆ పిల్ల ప్రతిసారీ "బర్రె కాడ ఉండా వదినా" అని పెట్టేసేది. "వాడు ఆటలో నీ మీదికి రాకపోతే సంతోషపడాలి గానీ ఏడుస్తావేంటి?" అన్నాడు మా ఆయన. ఎలా చెప్పను? కొట్టడానికి వచ్చేవాడు రాకపోతే, వాడు ఉన్నాడో లేడో అన్న భయం మా ఆయనకు తెలియదు.

మూడో ఆదివారం గోడ కట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడి దారిలో నేను నడిచాను. పొలాలు మానేసి, ఉన్న రాబడంతా బంట్ల మీద పెట్టి, ఆట మొదలైన కాసేపటికే వాడి ఊరి మీదికి పోయాను. దొంగను పట్టుకోవాలంటే దొంగ దారిలోనే పోవాలి కదా.

అక్కడ ఊరు చూస్తే వింతగా ఉంది. గాదె ఊరి మధ్యలో ఉంది. పొలాలేమో దాని దగ్గర లేవు. అన్నీ ఏటి ఒడ్డు పట్టుకుని వరసగా ఉన్నాయి, ఒక్కో మడీ నీళ్ళకు ఆనుకుని. కూలీలు కోసిన గింజలు మోసుకుని అంత దూరం నడిచి గాదెలో పోసి, మళ్ళీ అంత దూరం వెనక్కి నడుస్తున్నారు. ఆ ఆటలో పొలానికి నీళ్ళతో పనే లేదు. రాతి నేలమీద వేసినా పండుతుంది. ఏరు అక్కడ చూడ్డానికే ఉంది, దాటడానికి ఉంది. ఎంత తెలియనివాడైనా పొలాలు గాదె చుట్టే వేస్తాడు. ఇక మా తమ్ముడంటారా, కోసిగి దిక్కు మెట్ట నేలలో పుట్టినవాడు, ఏటిని నమ్మి పొలం వేసే రకం కాదు.

అప్పుడు నాకు తమ్ముడి నిశ్చితార్థం గుర్తుకొచ్చింది. కడప వైపు, కేసీ కాలువ కింద ఊరు. మరదలి నాన్న మమ్మల్ని పొలం గట్లమీద తిప్పుతూ, ఏ మడికి నీళ్ళు ఏ తూములోంచి వస్తాయో చూపించడంతోనే సగం పొద్దు గడిపాడు. కాలువకు ఆనని చేను ఆయన దృష్టిలో చేనే కాదు. ఆ ఇంట్లో పెరిగిన చెయ్యి ఇది.

బంట్లను ఉన్నచోటే నిలబెట్టి ఫోను తీశాను. తమ్ముడికి కాదు, మరదలికి చేశాను.

"ఏటి ఒడ్డున పొలాలు వేసింది నువ్వేనా?"

తెరమీద కొత్త మడి వేయడం సగంలో ఆగిపోయింది.

"ఔను వదినా" అని గొణిగింది. నేను అరుస్తాననుకున్నట్టుంది.

"వాడెక్కడ?"

"సుగ్గికి పోయినాడు. ఉల్లి నాటినాం గదా, వాన ల్యాకపాయె, బోరు గూడా ఎండిపాయె. బర్రె ఈనేకుండాదని నన్ను ఈడ ఇడ్సిపెట్టి ఊరోళ్ళతో లారీ ఎక్కినాడు. మా యక్క చెప్పినట్లే అయ్యె, ఆయమ్మ ముందర తలెత్తుకోలేను, నువ్వు చెప్పొద్దు అని ఒట్టేయించుకున్యాడు. ఆదివారం ఆట రాకపోతే సోమారం బస్సుకు దిగుతాది, నువ్వే కూచ్చోని ఆడు అన్యాడు. ఫోన్లోనే అంతా నేర్పిచ్చినాడు."

"మరి నేర్పించినవాడు మొదటే వచ్చి కొట్టమని చెప్పలేదా?"

"చెప్పకేం. రోజూ అదే చెప్తాడు. ఇత్తనం ఏసిన చేను ఇడ్సిపెట్టి కొట్లాటకు ఎట్ల పోతారు వదినా? నాకు మనసు రాల్యా."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేనన్న ఒక్క మాట కోసం వాడు మిరప చేలో ఎండలో ఉండి కూడా ఇంట్లో ఉన్నట్టు నటిస్తున్నాడు. పట్టుకున్నానన్న సంతోషం కొంచెం కూడా లేదు. దొరికిన దొంగను ఎక్కడ దాచాలా అని వెతుక్కుంటున్నట్టుంది నా పని. కోపం వచ్చింది కూడా, వాన మీద కాదు, బోరు మీద కాదు, వాడు నన్ను చూసి సిగ్గుపడ్డాడే అని.

"నీకు తెలిసిందని ఆయనకు తెలియనియ్యొద్దు వదినా" అంది మరదలు. "పని ఇడ్సిపెట్టి నడిమిట్లోనే వచ్చేస్తాడు. లేకుంటే మళ్ళా నీతో మాట్లాడేది మానేస్తాడు. కోత అయిపోతానే వస్తాడు గదా."

సరేనన్నాను. నా బంట్లను వెనక్కి తిప్పాను. "పొలాలు గాదె దగ్గరికి తెచ్చుకోవే, ఆ నీళ్ళతో పనేం లేదు" అని కూడా చెప్పాను. "నీళ్ళు లేకుండా పైరెట్ల వచ్చాది వదినా?" అంది. కోసిగి దిక్కున ఉంటూ కూడా ఆ పిల్ల అలా అడగగలుగుతోంది, అంతే చాలనుకున్నాను.

సరేననడం తేలికే. అసలు కష్టం ఆ సాయంత్రం మొదలైంది. జీవితమంతా అనుమానించినదాన్ని, ఇప్పుడు ఒక్కసారిగా అనుమానించడం మానేస్తే వాడికి అనుమానం వస్తుంది. అక్క ఏమీ అడగట్లేదంటే అక్కకు తెలిసిపోయిందని వెంటనే కనిపెట్టేస్తాడు. అందుకని ఏమీ తెలియనట్టు, ఎప్పటిలాగే సాధిస్తూ మాట్లాడాలి. తరగతిలో అరవైమంది ముందు నోరు తడబడని నేను, వాడి ఫోను మోగేసరికి మంచినీళ్ళు తాగి ఎత్తాను.

"ఏంక్కా, ఈ వారం ఎట్ల ఆడినా?" అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. మధ్యలో తుమ్మాడు. మిరప ఘాటు అయ్యుంటుంది.

"ఏం ఆడావురా, పిరికివాడిలా పొలాలు వేసుకుని కూర్చున్నావు. మీదికి రావేంటి? నాకేదో అనుమానంగానే ఉంది" అన్నాను.

"అనుమానం ల్యాకపోతే నువ్వు మా యక్కవెందుకయితావు" అని నవ్వాడు. హాయిగా నవ్వాడు. "ఇపుడు బుద్ధొచ్చిందిలేక్కా. మొదట్లోనే పోయి కొడితే యాడ నిలబడతాది? నిదానంగా పెంచుకోవాల."

"తిన్నావా?"

"తిన్యా."

"ఏం తిన్నావు?"

"రొట్టి. నీ మరదలు చేసినాది. నేనీడే ఉండా గదక్కా, యాడికి పోతా?"

అప్పుడే వాడి వెనకనుంచి ఎవరో గట్టిగా కేకేశారు. "ఏయ్, మూటలెత్తండప్పా, లారీ వచ్చె!" అని. దాని వెంబడే పదిమంది లేచిన చప్పుడు. వాడు ఠక్కున మాట ఆపేశాడు. ఎవరురా అదీ, ఏం లారీ, అని నేను అడుగుతానని కాచుకున్నాడు. అడగకపోతే నేను నేను కాదు.

"టీవీ సౌండు తగ్గించురా" అన్నాను. "నీ మాట సరిగా వినపడటం లేదు."

వెనక కేకలు మెల్లగా దూరమయ్యాయి.

"తగ్గిస్తాండాలేక్కా" అన్నాడు.