రెండోసారి ఎవరూ అడగలేదు

నా చిన్నప్పుడు మా నంద్యాలలో చలి మొదలయ్యే వేళకు టిబెట్ వాళ్ళు స్వెట్టర్లు అమ్ముకోవడానికి వచ్చేవాళ్ళు. కర్ణాటకలో వాళ్ళకు క్యాంపులు ఉండేవి. అక్కడినుంచి మూటలతో దిగి, మూడు నెలలు బజారులో కూర్చుని, చలి తగ్గగానే పోయేవాళ్ళు. వాళ్ళేం తింటారోనని ఊళ్ళో చాలామంది ఇల్లు ఇచ్చేవాళ్ళు కాదు. మా నాయన మా ముందుగది ఇచ్చాడు. మంచితనం కాదు, బాడుగ వస్తుందని.

ఆ గదిలో దిగినావిడను నేను ఆమా అని పిలిచేదాన్ని. వాళ్ళ భాషలో అమ్మ అని. నా ఈడు కూతుర్ని క్యాంపు స్కూల్లో హాస్టల్లో పెట్టి వచ్చింది. అందుకే కాబోలు, నేను గడపలో నిలబడితే లోపలికి పిలిచేది. మొదటిరోజు రొట్టె చూపించింది. నేను లాక్కుని తినేశాను. ఆమా పడీపడీ నవ్వింది.

తర్వాత ఒక ఆట నేర్పింది. ఆమె ఇస్తానంటుంది, నేను వద్దనాలి. మళ్ళీ ఇస్తానంటుంది, మళ్ళీ వద్దనాలి. మూడోసారి రెండు చేతులతో ఇస్తుంది, అప్పుడు రెండు చేతులతో తీసుకోవాలి. వాళ్ళ ఇళ్ళల్లో మర్యాద అట్లా ఉంటుందట. ఉప్పూ వెన్నా వేసిన వాళ్ళ చాయ్ నాకు నచ్చేది కాదు. అయినా ఆ ఆట కోసం రోజూ పోయేదాన్ని. మా ఇంట్లో నన్ను ఏదైనా మూడుసార్లు అడిగినవాళ్ళు లేరు.

ఆ ఎండాకాలం నా ఐదో తరగతి అయిపోయింది. హైస్కూల్లో చేర్చమని అయ్యవారు మా నాయనకు కబురు పెట్టాడు. నాయన మిల్లులో మూటలు మోసి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"పోతావా పాపా హైస్కూలుకు?"

నా గుండె కొట్టుకుంది. ఎంత పోవాలని ఉందో నాకే తెలుసు. కానీ మంచిపిల్ల ముందు వద్దనాలి కదా.

"వద్దులే నాయనా."

"అట్లనే కానీ," అన్నాడు.

మా అమ్మ పొయ్యి వైపు తిరిగింది. అన్నం తినేటప్పుడు అడుగుతాడనుకున్నాను. తెల్లారి అడుగుతాడనుకున్నాను. చేర్చుకునే రోజులు అయిపోయేదాకా ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఎదురుగా పోయి నిలబడేదాన్ని. ఆయన పక్కనుంచి పోయేవాడు. స్కూళ్ళు తెరిచిన వారానికి నన్ను చెనక్కాయలు ఒలిచే పనిలో పెట్టారు.

చలికాలం ఆమా మళ్ళీ వచ్చింది. పగిలిన నా వేళ్ళు పట్టుకుని ఏమైందని అడిగింది. చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చెంప మీద ఒకటి వేసింది, ఆ చెంపనే నిమిరింది.

"చాయ్‌కి రెండుసార్లు వద్దు. స్కూల్‌కి ఒక్కసారి కూడా వద్దు లేదు, పాగల్."

ఆ సాయంత్రమే మా నాయన దగ్గరికి పోయింది. పాపను స్కూలుకు పంపు అంది. ఆయన నవ్వాడు. మళ్ళీ అంది. "అదే వద్దనింది, నేనేం చేసేది?" అన్నాడు. మూడోసారి చేతులు జోడించి అంది.

"నీ స్వెట్టర్లు నువ్వు అమ్ముకో పోమ్మా."

ఆ వారంలోనే ఆమా మూటలు ఎత్తుకుని వేరే గదికి పోయింది. మరుసటేడు మా ఊరికి రాలేదు. చాలా ఏళ్ళు నేను నన్నే తిట్టుకున్నాను, ఆమాను కూడా తిట్టుకున్నాను. నాకు పిల్లలు పుట్టాక తెలిసింది. పెట్టాలని ఉన్న మనిషి మూడుసార్లు అడుగుతుంది. మా నాయనకు కావలసింది వద్దు అనే మాట. అది నా నోటితోనే రావాలి, అంతే. వచ్చింది.

మా ఆయన పోయాక కూతురు నన్ను ఆక్లాండ్ తెచ్చుకుంది. మౌంట్ రాస్కిల్‌లో ఇల్లు. అల్లుడు మంచివాడు. "కాఫీ కావాలా అత్తయ్యా?" అంటాడు. "వద్దు బాబూ" అంటాను. సరేనని డబ్బా మూసేస్తాడు. ఇక్కడ మనసులో ఉన్నది చెప్పాలమ్మా అంటుంది కూతురు. చెప్పడం ఈ వయసులో ఎక్కడ నేర్చుకోను?

మనవరాలు ఇక్కడే పుట్టింది. యూనివర్సిటీలో చదువుతుంది. ఇండియాలో కొండల మీద ఒక టిబెట్ కుటుంబం ఇంట్లో ఉండి, ఒక సెమిస్టర్ చదవడానికి పోయింది. పోయేముందు సూట్‌కేస్ సర్దుకుంటూ అడిగింది.

"అమ్మమ్మా, లైబ్రరీలో ఇంగ్లీష్ రీడింగ్ క్లాస్ ఉంది, ఫ్రీ. నీ పేరు ఇవ్వనా?"

నా గుండె మళ్ళీ అట్లాగే కొట్టుకుంది. నోరు మాత్రం దాని పని అది చేసింది.

"వద్దులేమ్మా."

"ఓకే అమ్మమ్మా," అని జిప్ లాగింది. దాని తప్పేం లేదు. ఈ దేశంలో వద్దంటే వద్దనే.

ఇప్పుడు అక్కడినుంచి ఫోన్ చేస్తుంది. "ఆ ఆంటీ అస్సలు వదలదు అమ్మమ్మా. నో అంటే మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ నో అంటే మళ్ళీ అడుగుతుంది," అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆమా కథ దానికి చెప్పలేదు. ఐదో తరగతి దాకా నేర్చిన అక్షరాలు ఎప్పుడో మరిచిపోయాను, ఇదంతా రాసిపెడుతున్నది వెనక ఫ్లాట్‌లో ఉండే తెలుగు అమ్మాయి.

అక్కడ ఉండి ఉండి మనవరాలికి ఆ అలవాటు అంటుకుంటుందేమోనని నా ఆశ. ప్రతి ఫోన్‌లో బై చెప్పేదాకా చెవి ఆనించి వింటాను, ఆ క్లాస్ మాట మళ్ళీ ఎత్తుతుందేమోనని. నువ్వే అడగొచ్చు కదా ఆంటీ అంటోంది ఈ అమ్మాయి. అడగొచ్చు. చదువు రాలేదంటే మా నాయన మీద పెట్టేశాను. నాకు కావాలి అనే మాట రాకపోవడం ఎవరి మీద పెట్టేది? నిన్న కూడా ఫోన్ వచ్చింది. ఏమైనా కావాలా అమ్మమ్మా అని అడిగింది. వద్దులేమ్మా అన్నాను.