వెనక చక్రానికి ఎర్ర దారం

వంకర పోయిన చక్రాన్ని సరిచేయడాన్ని సైకిల్ షాపుల్లో బెండు తీయడం అంటారు. ఆ పని చేసే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే కాబట్టి ఆమెకు బెండక్క అని పేరు పడిపోయింది. బడి పిల్లలు వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడినుంచి "బెండకాయక్కా" అని అరిచి పారిపోయేవాళ్లు. ఆమె తిట్టేది కాదు. సాయంత్రానికి వాళ్లే చక్రం ఈడ్చుకుంటూ తన దగ్గరికి రావాలని ఆమెకు తెలుసు.

మిగతా షాపుల్లో చక్రాన్ని స్టాండుకు బిగించి కొలత పెట్టి చూస్తారు. బెండక్క సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, పీట మీద కూర్చుని, చువ్వలను ఒక్కొక్కటే గోటితో మీటుతుంది. బిగువుగా ఉన్న చువ్వ ఒకలా పలుకుతుంది, వదులైంది లోపల్లోపల గొణుగుతుంది. పక్కన ఎవరైనా కబుర్లు చెబుతుంటే, "కాసేపు ఆగు అన్నయ్యా, నీ చక్రం ఏదో చెప్పుకుంటోంది" అంటుంది. ఆ విద్య తండ్రిది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన వేళ్లు తిమ్మిరెక్కి పనిముట్లు జారిపోవడం మొదలైంది. "రెండు నెలలు షాపులో కూర్చో అమ్మా, నాకు తగ్గాక మళ్లీ బడికెళ్దువుగాని" అన్నాడు. ఆ రెండు నెలలూ ఇరవై ఆరేళ్లయ్యాయి. తండ్రి పోయాడు. పెళ్లయింది. భర్త కంకర లారీ నడుపుతాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ నాలుగు రోజులూ నిద్రపోతాడు. ఒక్కతే కూతురు.

పన్నెండేళ్ల కిందట రిజర్వాయరు దాకా కొత్త తారు రోడ్డు వేశారు. దాని మీదికి అప్పటికింకా బండ్లు వదల్లేదు. షాపు ముందు నిలబడి, పాలు పోసే కుర్రాడు ఆశగా అన్నాడు: "అక్కా, అద్దంలా ఉంది రోడ్డు. లారీలు తిరిగితే ఇంక మనకు మిగలదు. ఆదివారం పొద్దున్నే ఒకసారి తొక్కి చూద్దామా?" ఎనిమిదిమంది బయల్దేరారు. బెండక్క, పాలబ్బాయి, స్కూలు వాచ్‌మన్, ఇస్త్రీ అతను, గ్యాసు బండలు వేసే అతను, ఇంకో ముగ్గురు. మూడేళ్ల కూతురు పాలబ్బాయి క్యారియర్ మీద, క్యాన్ల మధ్య కూర్చుంది. రిజర్వాయరు గేటు దగ్గర తలా ఒక బన్ను తిని, నీళ్లు చూసి, వెనక్కి వచ్చారు. అంతే. మరుసటి ఏడు ఎవరో గుర్తుచేస్తే మళ్లీ వెళ్లారు.

ఆ రెండోసారి గ్యాసు అతని వెనక చక్రం దారిలో ఎనిమిదంకెలా మెలితిరిగి కూర్చుంది. సైకిల్‌ను భుజాన వేసుకుని ఏడు కిలోమీటర్లు నడిచాడు. అప్పటినుంచి బెండక్క ఒక పద్ధతి పెట్టింది. రైడుకు ముందురోజు సాయంత్రం ప్రతి సైకిలూ ఆమె చేతికింద నుంచి వెళ్లాలి. చక్రం బాగుందనుకుంటే వెనక చువ్వకు, ఇరుసుకు దగ్గరగా, ఎర్ర దారం ముడివేసేది. దారం లేని సైకిల్ కదలకూడదు. ఆ నాలుగు వీధుల్లో "దారం పడిందా?" అంటే "రేపు వస్తున్నావా?" అని అర్థం.

మూడో ఏడు నలభైమంది పేర్లిచ్చారు, ఇరవైమందే వచ్చారు. బన్నులు సగం మిగిలిపోయాయి. ఆ సాయంత్రం షాపు ముందు తలా ఒక మాట అంటుంటే బెండక్కే అంది: "ఊరికే అంటే అందరూ ఊ కొడతారు. పేరిచ్చేటప్పుడు టీ డబ్బులు పెట్టమనండి. అవి పోతాయన్న బాధకైనా లేచి వస్తారు."

అందరూ భలే అన్నారు. పాలబ్బాయి అప్పటికప్పుడు ట్యూబుల అట్టపెట్టె చింపి, మైనపు పెన్సిలుతో రాసి, గోడకు మేకు కొట్టాడు. 'పేరు ఇచ్చేవారు టీ డబ్బులు ఇవ్వవలెను.' ఆ అట్ట గ్రీజు మరకలతో ఇప్పటికీ అక్కడే ఉంది.

బెండక్కకు ధరలు నోట్లలో గుర్తుండవు, సామాన్లలో గుర్తుంటాయి. టీ డబ్బులు కొన్నాళ్లకు ఒక బెల్లు ధర అయ్యాయి. బెల్లు చైను అయింది. చైను టైరు అయింది. ఈ ఏడు రెండు రిమ్ములు, వాటి చువ్వలు, బిగింపు కూలీ కలిపితే ఎంతో అంత. పెరిగినప్పుడల్లా ఒక కారణం ఉండేది, ఏ కారణమూ అబద్ధం కాదు. ఒకసారి అంబులెన్సు అన్నారు, అది అవసరమే. తర్వాత టీషర్టులు, మెడళ్లు, స్టేజీ, మైకులు. తర్వాత గాల్లో ఎగిరే కెమెరా. అది తీసిన వీడియోలో అందరూ చీమల బారులా కనిపించారు. "ఇందులో నేనెక్కడున్నాను?" అని వాచ్‌మన్ పదిసార్లు వెనక్కి తిప్పించుకుని చూశాడు.

అయినా పాత ఎనిమిదిమందికి ఒక లిస్టు ఉండేది. వాళ్లు పాత టీ డబ్బులే ఇచ్చేవాళ్లు. ఆ లిస్టు పాలబ్బాయి చేతిలో ఉండేది. అతనిప్పుడు పాలు పోయడం లేదు. మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూములో గేర్ల సైకిళ్లు అమ్ముతున్నాడు. రైడు కమిటీకి సెక్రటరీ.

రైడుకు పదిరోజుల ముందు అతను షాపుకు వచ్చాడు.

"ఏంటక్కా, బాగున్నావా?"

"బాగానే ఉన్నాను. కుర్చీ లేదు, పీట మీద కూర్చుంటారా సెక్రటరీ గారూ?"

"ఆ గారెందుకక్కా, చంపుతావా?"

"చొక్కా మీద కుట్టించుకున్నావుగా, అందుకని చదివాను."

అతను నవ్వి, నెమ్మదిగా పనిలోకి వచ్చాడు. "స్టార్టింగ్ దగ్గర సర్వీసు టెంటు పెడుతున్నాం. నువ్వుంటే నాకు ధైర్యం. తెల్లవారి నాలుగింటికల్లా వచ్చెయ్. మనింటి పనే కదా."

"నేను టెంటులో కూర్చుంటే నా సైకిల్ ఎవరు తొక్కుతారు? ఈ ఏడు చిన్నది కూడా వస్తోంది. పదిహేను నిండాయిగా, ఇంక మీవాళ్లు వయసు చాల్లేదని ఆపలేరు. నీ క్యాన్ల మధ్య కూర్చుని వచ్చింది, గుర్తుందా?"

అతను ఫోన్ తీసి చూపించాడు. "పాతోళ్ల లిస్టు ఈసారి తీసేశారక్కా. అంతా ఫోన్లోనే కట్టాలి. పైవాళ్లు ఒప్పుకోలేదు."

"నీకు పైవాళ్లెవరు?"

"ప్రెసిడెంటు ఉన్నారు. ఆయన పైన స్పాన్సర్లు."

"అబ్బో, మన సైకిల్ మీద అంతమంది ఎక్కి కూర్చున్నారా! మరి కదులుతోందా?"

అతని చూపు గోడ మీది అట్ట మీద పడింది. "ఇది ఇంకా ఉంచావా? అసలు ఫీజు అనే మాట మొదలుపెట్టింది నువ్వే కదక్కా" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, పాత సంగతి తలుచుకుని సంతోషంగానే అన్నాడు. ఆమె చేతిలోని చువ్వ సర్రున జారి వేలు గీరుకుంది.

వెళ్తూ వెళ్తూ అన్నాడు. "టెంటు చూసుకుంటే ఒక పాసు ఇప్పిస్తాను. ఒకటే. చిన్నదానికి ఇచ్చెయ్. ఇంకొక్క మాట. వాచ్‌మన్ వాళ్లకి లిస్టు లేదని నువ్వే చెప్పెయ్. నేను చెబితే బాగోదు."

"నేను చెబితే బాగుంటుందా?"

"నీ మాటైతే వింటారక్కా."

కూతురి సైకిల్‌ను ఆమె రెండేళ్లుగా కూడబెట్టి కట్టింది. ఫ్రేము పాతసామాన్ల కొట్టులో దొరికింది, ముందు చక్రం ఒకరు వద్దని వదిలేసింది, వెనక చక్రం మాత్రం కొత్తది. పాసు సంగతి విని కూతురు మొహం ముడుచుకుంది.

"నువ్వు లేకుండా నేనొక్కదాన్నా? కలిసి వెళ్దామని చిన్నప్పటినుంచీ చెబుతూ వచ్చావు."

"నేను పన్నెండుసార్లు చూశానే. ఉన్నవి నీళ్లే. నువ్వెళ్లి తగ్గాయో పెరిగాయో చూసి చెప్పు."

చెప్పాల్సిన ఆ ఇంకో మాట మాత్రం రోజూ వాయిదా పడింది. వాచ్‌మన్ రోజూ షాపు ముందు నుంచే వెళ్తాడు. ఆమె చెబుదామని తలెత్తేది, అతను "ఏం చెల్లీ, మోకాళ్లు రెడీయా?" అని అడిగి సాగిపోయేవాడు.

ముందురోజు సాయంత్రం వాచ్‌మన్‌తో సహా, పాతవాళ్లలో ఇంకా రైడు మానని ముగ్గురూ సైకిళ్లు తోసుకుంటూ రానే వచ్చారు. ఇస్త్రీ అతను చొక్కాకు మడత నలగకుండా నిలబడ్డాడు. గ్యాసు అతను ఎప్పటిలాగే, "నాది ముందు చూడక్కా, ఇది మెలితిరగడం మరిగిన చక్రం" అన్నాడు. బెండక్క పీట మీద కూర్చుంది. చువ్వలు మీటింది. రెండు బిగించింది, ఒకటి వదులు చేసింది. మాట నోటిదాకా వచ్చింది. 'పన్నెండేళ్లుగా వస్తున్న మొహాలు. ఎదురుగా చూశాక వాడు మాత్రం ఆపుతాడా? వాడు మన పాలబ్బాయే కదా' అనుకుంది. అలా అనుకున్నాక చేతులు వాటంతటవే దారపు ఉండ అందుకున్నాయి. మూడు వెనక చక్రాలకూ ముడులు పడ్డాయి. ఆమె చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. దారం పడ్డాక అడగడానికేముంది?

తెల్లవారేసరికి స్టార్టింగ్ దగ్గర ఐదారు వందలమంది ఉన్నారు. వెనక 'సర్వీస్' అని రాసిన టీషర్టు ఆమెకు మోకాళ్ల దాకా వచ్చింది. టెంటుకు వచ్చిన సైకిళ్లను వేలితో ఎత్తొచ్చు. ఒకదాని చక్రం సరిచేసి అలవాటుగా దారం కట్టబోతే, ఆ సైకిలతను కంగారుపడ్డాడు. "అయ్యో ఆంటీ, ఏమీ కట్టకండి, దీనికి అలాంటివి పడవు."

కూతురు మూడో వరసలో నిలబడి చెయ్యి ఊపింది. అదే సమయానికి, లోపలికి వదిలే చోట అడ్డంగా కట్టిన తాడు దగ్గర గొడవ మొదలైంది. వాచ్‌మన్ తన వెనక చక్రం పైకెత్తి, ఫీజు కట్టారో లేదో చూసే చేతిమిషను పట్టుకున్న కుర్రాడికి చూపిస్తున్నాడు. "ఇదిగో బాబూ దారం. కళ్లు పెట్టి చూడు. నీ మిషనుకు దారం తెలియకపోతే నన్నేం చెయ్యమంటావు?"

సెక్రటరీ పరుగున టెంటులోకి వచ్చాడు. "అక్కా, వాళ్లకి చెప్పలేదా?"

"చూస్తే నువ్వే వదిలేస్తావనుకున్నాను."

"ప్రెసిడెంటు గారు స్టేజీ మీదనుంచి చూస్తున్నారు. ఇప్పుడు వీళ్లని వదిలితే పాసుల మీద వచ్చినవాళ్ల సంగతి కూడా తీస్తారు." గొంతు తగ్గించాడు. "చిన్నది లైన్లో ఉంది కదక్కా."

బెదిరింపులా లేదు, మంచి కోరి చెబుతున్నట్టే ఉంది. ఆమె బల్ల మీది కత్తెర తీసుకుని బయటికి నడిచింది.

"అదిగో, మా చెల్లి వచ్చింది. ఇంక నీ మిషను జేబులో పెట్టుకో" అన్నాడు వాచ్‌మన్.

బెండక్క అతని సైకిల్ పక్కన వంగింది. ముడి చూపించడానికే అనుకుని వాచ్‌మన్ చక్రాన్ని ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆమె దారం కత్తిరించింది. తర్వాత ఇస్త్రీ అతనిది. తర్వాత గ్యాసు అతనిది.

"లిస్టు తీసేశారన్నయ్యా. ఫీజు కట్టినవాళ్లకే" అంది, చక్రంతో చెబుతున్నట్టు.

"రాత్రి నువ్వే కట్టావుగా దారం?"

"కట్టాను."

"అప్పటికి తెలుసా నీకు?"

"తెలుసు."

ఇస్త్రీ అతను నవ్వబోయి మానుకున్నాడు. "పోనీలే, నాకు ఇంటి దగ్గర బట్టలు గుట్టపడి ఉన్నాయి" అని సైకిల్ తిప్పేశాడు. గ్యాసు అతను మాత్రం మూడో వరస వైపు చూశాడు. "మీ అమ్మాయి చక్రానికి ఉందిగా ఎర్ర దారం? అది కొయ్యలేదేం?"

"దానికి పాసుంది."

ఆ జవాబు చెప్పడానికి ఆమెకు తడుముకోవాల్సిన పని కూడా పడలేదు. మైకులో గంట మోగింది. చక్రాలన్నీ ఒక్కసారిగా కదిలాయి.

మధ్యాహ్నం కూతురు షాపుకు వచ్చేసరికి మొహం ఎండకు కందిపోయి ఉంది. మెడలోంచి మెడల్ తీసి తల్లి చేతిలో పెట్టింది. బెండక్క తూచి చూసింది. ఫ్రీవీలంత బరువు కూడా లేదు.

"నీళ్లు తగ్గాయమ్మా. గేటు దగ్గర మెట్లు బయటపడ్డాయి" అంది కూతురు. చెప్పులు విడుస్తూ, "తాడు దగ్గర చూశాను. సైకిల్ దిగుదామనుకున్నాను. అప్పుడే గంట కొట్టారు" అంది.

"దిగి ఏం చేసేదానివి? కాళ్లు కడుక్కో, అన్నం తిందువుగాని."

కూతురు వెళ్లాక మెడల్‌ను నట్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. గోడ మీది అట్టను లాగేద్దామని మేకు పట్టుకుంది. అది తుప్పుపట్టి గోడలో కలిసిపోయింది, కదల్లేదు.

సోమవారం పొద్దున వాచ్‌మన్ వచ్చాడు. బడికి వెళ్లే దారిలో గుంతలో పడిందట, ముందు చక్రం కొట్టుకుంటోంది. మోకాళ్ల సంగతి అడగలేదు. సైకిల్‌కు స్టాండు వేసి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పక్కన కబుర్లు లేకపోవడంతో చువ్వలు స్పష్టంగా వినిపించాయి. రెండు నిమిషాల పని. అలాంటి పనికి పన్నెండేళ్లలో ఎప్పుడూ అతని దగ్గర ఆమె డబ్బు తీసుకోలేదు, అతనూ జేబులో చెయ్యి పెట్టలేదు.

ఇవాళ పెట్టాడు.

"ఎంతయ్యింది మేడమ్?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఏదో ఒకటి అనాలని, నోటికొచ్చిన మొదటి మాట అనేసింది.

"టీ డబ్బులివ్వన్నయ్యా, చాలు."

అన్నాక తెలిసింది ఏం అందో. వాచ్‌మన్ గోడ వైపు చూశాడు, అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. చిల్లర పీట మీద పెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. చక్రం సరిగ్గానే తిరుగుతోంది.