సీ స్లగ్, టరాంటులా, మా బాపు

మా చిన్నప్పుడు... నేను గోదావరిఖనిలో ఆరో తరగతి చదువుతున్న రోజుల్లో, సైన్సు సారు తలా రెండు జీవుల బొమ్మలు ఇచ్చి తేడాలు రాసుకు రమ్మన్నారు. నా వంతుకు సీ స్లగ్, టరాంటులా వచ్చాయి. ఒకటి సముద్రంలో పాకే గుల్ల లేని నత్త... రెండోది నేలలో బొరియ చేసుకుని ఉండే బొచ్చు సాలెపురుగు. రెండింటినీ నేను చూసిన పాపాన పోలేదు. అసలు సముద్రమే చూడలేదు!

బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి నా పక్కన కూర్చున్నాడు. బొగ్గుబాయిలో ఆయన పని పైకప్పు చూడటం. రాడ్డుతో కప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి కూలుతుందో లేదో చెప్పేవాడు. ఆయన సరే అన్నాకే మిగతా నలుగురూ ముందుకు అడుగేసేవాళ్లు.

"గట్టిగ చదువు బిడ్డా" అన్నాడు. చదివాను. దానికి కాళ్లే లేవు, దీనికి ఎనిమిది... అది మెత్తన, దీని ఒళ్లంతా నూగు...

"అన్నీ తేడాలేనా? రెండిట్ల కలిసేది ఏం లేదా?"

పుస్తకంలో వెతికాను. "రెండిటికి చెవుల్లెవ్వు బాపూ. నత్త తలమీది కొమ్ములతోని వాసన పడ్తది. నేల అదిరితె సాలెపురుగుకు కాళ్లల్ల తెలుస్తది."

బాపు గోడకు అరచెయ్యి ఆనించి, "అవుతల అర్రలకు పోయి కొట్టు" అన్నాడు. పక్క గదిలోకి వెళ్లి రొట్టెల కర్రతో మెల్లగా కొట్టి వచ్చాను. ఎన్నిసార్లు కొట్టానో సరిగ్గా చెప్పాడు.

"నేను గూడ గిట్లనే బిడ్డా. చెవులు ఎన్నడో మందమైనయి, గట్టిగ అంటెనే ఇనవడ్తది. రాడ్డు చేతిల అదిరితె తెల్సుకుంటున్న. అమ్మకు చెప్పకు... బాయిలకెళ్లి తీసేస్తరు."

మొదట గొప్పగా అనిపించింది. అన్నం ముందు కూర్చున్నాక ఆ నలుగురూ గుర్తొచ్చారు. మా పక్క క్వార్టర్ మల్లయ్య కాక వాళ్లలో ఒకడు. అమ్మకు చెప్పేశాను.

అమ్మ ఏడవలేదు. తెల్లారి బాపును డ్యూటీకి పోనీయకుండా దవాఖానకు తీసుకుపోయింది. కొన్నాళ్లకు ఆయన్ను పైన లైట్లిచ్చే గదిలో వేశారు. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు అందించే పని. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మళ్లీ ఎన్నడూ నన్ను చదివి వినిపించమని అడగలేదు...

ఇప్పుడు మా దగ్గర చాలా బాయిలు మూతబడి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. కొట్టి చూడ్డానికి కప్పే లేదు. బాపూ లేడు. మల్లయ్య కాక మనవళ్లను ఆడిస్తున్నాడు. నేను చెప్పింది మంచికేనని నాకు తెలుసు. కానీ "నువ్వు ఆ బాయిల్నే ఉండిపోతవేమోనని భయమైంది బాపూ" అని ఆయనతో ఒక్కసారి కూడా అనలేకపోయాను.

మీకూ ఇంట్లోవాళ్లతో అనకుండా మిగిలిపోయిన మాట ఒకటుంటే... ఇక్కడ తర్వాత రాద్దురు గాని, ముందు వాళ్ల దగ్గరికెళ్లి చెప్పండి.