విప్పి చూసే మనిషి

అసలు పేరు అడిగితే ఆ వీధిలో ఎవరైనా నోరు వెళ్ళబెట్టాల్సిందే. అదే మోచేతమ్మ అనండి, ఆ క్షణాన ఆవిడ ఏ ఇంట్లో ఉందో కూడా చెప్పేస్తారు. పసిపిల్లలకు స్నానం చేయించడం ఆవిడ పని. నీళ్ళ వేడి అరచేత్తో చూడదు, మోచేయి ముంచి చూస్తుంది. పనులు చేసీ చేసీ మొద్దుబారిన అరచెయ్యి అబద్ధమాడుతుందట. ముప్పై ఏళ్ళుగా అదే వరస, అదే మొండితనం.

ఆవిడ వైద్యమంతా ఒంటి పైనే. మాడు మీద పొలుసులు కడితే నూనె రాసి, నానాక మెత్తటి బ్రష్షుతో దువ్వుతుంది. పొట్ట ఉబ్బితే చిన్న కాళ్ళు పట్టుకుని సైకిలు తొక్కిస్తుంది. తడిగుడ్డకు తొడలు ఒరుసుకుపోతే గుడ్డ తీసేసి గాలి తగలనిస్తుంది. అంతకుమించి అడిగితే మాత్రం కయ్యిమంటుంది. "పాలు తప్ప ఇంకేదీ నోట్లో పడకూడదు. ఒళ్ళు కాలినా, పచ్చబడినా నన్ను పిలవకండి, ఆసుపత్రికి పరుగెత్తండి" అని మొదటి రోజే ఖరాఖండిగా చెప్పేస్తుంది. ఇంకో పట్టుదల కూడా ఉంది. ఏ నలతైనా సరే, బిడ్డ ఒంటి మీద నూలుపోగు లేకుండా తీసేసి, కాలి వేళ్ళ నుంచి నడినెత్తి దాకా చూశాకే చెయ్యి వేస్తుంది.

మూడో అంతస్తు ఇంట్లో ఆ నోరే కొంప ముంచింది. అక్కడ మూడు వారాల పాప, ఆ ఇంటికి మొదటి మనవరాలు. నానమ్మ ముచ్చటపడి చెంచాతో తేనె నాకించబోతే మోచేతమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఏడాది నిండేదాకా తేనె జోలికి పోవద్దు అమ్మగారూ, పసివాళ్ళకు ప్రమాదం."

"ముగ్గుర్ని కని పెంచాను, నాకు తెలియదా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

ఐదో రోజు పొద్దున్నే పాప తల్లి ఫోను చేసింది. "పెద్దమ్మా, తెల్లారినప్పట్నుంచీ గుక్కపట్టి ఏడుస్తోంది. పాలు తాగడం లేదు. అత్తయ్యగారు వద్దంటున్నారు. అయినా నువ్వు రా, నీకు దణ్ణం పెడతాను!"

మోకాళ్ళు మొర్రోమంటున్నా మోచేతమ్మ మూడంతస్తులూ ఎక్కింది. నానమ్మ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్నెవరు పిలిచారు?"

"పాప పిలిచిందమ్మగారూ. వీధి చివరిదాకా వినిపిస్తోంది."

ఆ మాటకు అడ్డం పెట్టిన చెయ్యి తీయక తప్పలేదు.

లోపల తలో చెయ్యి, తలో వైద్యం. ఒకరు పొట్టకు గుడ్డ కాపడం పెడుతున్నారు, ఒకరు బొడ్డు చుట్టూ నూనె రాస్తున్నారు. పాప మాత్రం స్వెట్టరు, టోపీ, మేజోళ్ళతో మూటలా ఉంది. ఆ మేజోళ్ళు నానమ్మ స్వయంగా అల్లినవి. చలంతా పాదాల్లోంచే ఎక్కుతుందని ఆవిడ నమ్మకం. అందుకే రెండు రోజులుగా వాటిని విప్పే ధైర్యం ఆ ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది.

"అన్నీ తీసెయ్యి తల్లీ" అంది మోచేతమ్మ.

"చలి తగులుతుంది!" నానమ్మ గొంతు లేచింది.

"రెండు నిమిషాలు ఆగండమ్మగారూ. తరవాత కడుపునిండా తిట్టండి."

కుడి మేజోడు వచ్చేసింది. ఎడమది లాగబోతే పాప కెవ్వుమంది. మోచేతమ్మ తనే ఆ పాదం అందుకుంది. మెల్లగా తీసి చూస్తే, బొటనవేలి పక్క వేలు ఉబ్బి కందగడ్డలా ఉంది. మేజోడు లోపల ఊడిన సన్నటి పోగొకటి దాని చుట్టూ చుట్టుకుని బిగుసుకుపోయింది. కొస దొరకబుచ్చుకుని ఒక చుట్టు విప్పింది. రెండోదీ వచ్చింది. మూడోది కండలోకి దిగిపోయి కనిపించడం లేదు.

పాప తండ్రి కంగారుగా సూది తెచ్చాడు.

"అవతల పారెయ్యి బాబూ! ఇది నా పనీ కాదు, నీ పనీ కాదు. ఆటో పిలువు."

ఆ పోగు రంగు నానమ్మ చూసింది. ఆవిడ మొహాన నెత్తురుచుక్క లేదు. ఐదు రోజులుగా దాచుకున్న దెప్పులన్నీ మోచేతమ్మ నాలుక చివరికొచ్చాయి. అన్నీ మింగేసి, పెద్దావిడ రెక్క పట్టుకుని మెట్లు దింపింది.

ఆసుపత్రిలో డాక్టరు భూతద్దం పెట్టి, సన్నటి కత్తెరతో పది నిమిషాల్లో ఆ పోగు తీసేసింది. నల్లబడుతున్న వేలు అందరూ చూస్తుండగానే గులాబీరంగుకు తిరిగింది. పాప రెండుసార్లు వెక్కి, తల్లి ఒళ్ళో ఆవురావురుమంటూ పాలందుకుంది. తల్లి ఏడుస్తూనే నవ్వేసింది.

"ఇంకో పూట ఆగితే ఈ వేలు దక్కేది కాదు. ఎవరు చూశారు?" అంది డాక్టరు.

కొడుకు ఏదో చెప్పబోయాడు. నానమ్మ అతన్ని పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

"నేను పనిలోంచి తీసేసిన మనిషి చూసింది డాక్టరుగారూ. ఆ పోగు నేను అల్లిన మేజోడులోదే."

అంతమంది ముందు పెద్దావిడ అలా ఒప్పుకుంటుందని మోచేతమ్మ కలలో కూడా అనుకోలేదు. ముప్పై ఏళ్ళ కష్టానికి ఆ ఒక్క మాట చాలనిపించింది. సంతోషంతో కళ్ళు నిండిపోయాయి. దాచుకోవాలనీ అనిపించలేదు.

పెద్దావిడ ఆమె వైపు తిరిగింది. "రేపు పెందలాడే రా. పాపను ఎలా చూడాలో నా పక్కన నిలబడి నాక్కూడా నేర్పు."