డాక్టరమ్మ అడిగిన సున్న

నా చిన్నప్పుడు మా చెల్లె చెవి కారేది. నాకు ఆ చెవి మీద కుళ్ళు. తొంభైకి దగ్గరపడిన మనిషిని, ఇప్పుడు దాచుకొని ఏం చేస్తాను!

అప్పటికింకా నైజాం రాజ్యమే. మా ఊరు నారాయణఖేడ్ నుంచి సిర్గాపూర్ పోయే దారిలో ఉండేది. ఊళ్ళో చాలామంది పిల్లలకు చెవులు కారేవి గానీ దాన్నెవరూ జబ్బని అనుకునేవాళ్ళు కాదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసి, పెద్దయితే అదే పోతుందనేవాళ్ళు. మా చెల్లెకు ఆరేళ్ళు, నాకు తొమ్మిది. దాని ఎడమ చెవి ఎప్పుడూ తడిగానే ఉండేది. ఆ పక్కనుంచి పిలిస్తే పలికేది కాదు. పొగరనుకునేదాన్ని.

ఆ ఏడు ఖేడ్ దవాఖానకు ఒక డాక్టరమ్మ వచ్చింది. బీదర్ వైపు మనిషి, తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో కన్నడం దొర్లేది. చెవి, ముక్కు, గొంతు జబ్బులంటే ఆమెకు పట్టుదల. కారే చెవిలో తడిని వట్టి దూదితో తీస్తూపోతే చాలా, లేక పట్నం నుంచి తెప్పించే చుక్కల మందు కూడా కావాలా అన్నది తేల్చుకోవాలని ఆమె తపన. ఆ మందు దొరకడమే కష్టం. దూదితోనే మానేటట్టయితే నాగల్‌గిద్ద అవతల ఏ మారుమూల ఇంట్లోనైనా తల్లే చేసుకోగలదు. అందుకని చెవి కారే పిల్లలను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు దూదీ మందూ, ఇంకో జట్టుకు వట్టి దూది. ఎవరి చెవి ఎట్లా ఉందో ఒక నల్లట్ట పుస్తకంలో వారం వారం రాసుకునేది. మా చెల్లె వట్టి దూది జట్టులో పడింది.

అమ్మ కంది చేలల్లో కూలికి పోయేది కాబట్టి పని నా మీద పడింది. దూదిని సన్నని వత్తిగా చేసి చెవిలో పెట్టాలి, తడి పీల్చుకున్నాక తీసి పారేసి ఇంకొకటి పెట్టాలి, పొడి వత్తి బయటికి వచ్చేదాకా ఆపకూడదు. ఇట్లా రోజుకు నాలుగుసార్లు. చేసినప్పుడల్లా డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మీద ఒక గీత గీయాలి.

వారానికొకసారి, అంగడి రోజున, అమ్మ మమ్మల్ని దవాఖానలో దించి బేరానికి పోయేది. డాక్టరమ్మ చెల్లెను ఎత్తుపీట మీద కూర్చోబెట్టి దాని జుట్టును మెల్లగా చెవి వెనక్కి దువ్వేది. రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి ఉండేది ఆమె దగ్గర. దాన్ని తన మోకాలికి తాకించి చెవి పక్కన పెడితే తుమ్మెదలాగ రొద చేసేది. చెల్లె వినబడిందని తలాడిస్తే "శాభాష్ బిడ్డా" అనేది. పోయేటప్పుడు దూది కట్టకు చుట్టి వచ్చే నీలం కాగితం దాని చేతిలో పెట్టేది. అంత నీలం రంగు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. నేను గోడకానుకొని చూసేదాన్ని. వత్తులు చేసేది నేను, చీము వాసన పట్టేది నేను, శాభాష్ దానికి. ఇంటికొస్తే అమ్మ కూడా గడప తొక్కుతూనే "చెవి ఎట్లున్నదే బిడ్డా?" అని దాన్నే అడిగేది. నా పేరు వినబడేది నీళ్ళబిందె ఖాళీ అయినప్పుడు.

మొదట ఒకపూట ఎగ్గొట్టాను. తర్వాత రెండు పూటలు. కొన్ని రోజులు పొద్దున ఒక్కసారి చేసి ఊరుకునేదాన్ని. చెల్లె అలవాటుగా వచ్చి నా పక్కన కూర్చొని తల ఒరగేసేది. "అయింది పో" అంటే నా మొహంలోకి చూసి లేచిపోయేది. కాగితం మీద మాత్రం నాలుగు గీతలూ తిన్నగా గీసేదాన్ని.

దాని చెవి ఆరలేదు. ఆరకపోతే డాక్టరమ్మకు అదంటే మోజు పోతుందనుకున్నాను. అట్లా కాలేదు. ఆ గీతల కాగితమూ ఈ చెవీ పక్కపక్కన పెట్టుకొని ఆమె ఇంకా ఎక్కువసేపు చూడటం మొదలుపెట్టింది. "అందరివీ ఆరుతున్నయి, నీదెందుకు ఆరతలేదు నా తల్లీ" అంటూ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. గోడ దగ్గరనుంచి ముందుకొచ్చి, "డాక్టరమ్మా, నాగ్గూడ ఎడమ చెవి వినబడ్తలేదు" అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. చెల్లెను దించి నన్ను పీట ఎక్కించింది. ఎన్ని వారాలుగా కోరుకున్నానో ఆ పీటను! మొహం గోడవైపు తిప్పించి, "చూడు బిడ్డా, నీ కుడి చెవి నేను మూస్త. ఎడమ చెవిల వినబడితే 'ఆఁ' అను. వినబడకపోతే 'లేదు' అను" అని చెప్పింది. వేలితో కుడి చెవి గట్టిగా మూసింది. కాసేపటికి ఎడమ పక్క తుమ్మెద రొద మొదలైంది. "లేదు" అన్నాను. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు, నేనూ ఊరుకున్నాను. మళ్ళీ రొద. "లేదు". ఇంకోసారి, ఈసారి చాలా సన్నగా. "లేదు" అన్నాను, ఇంకా గట్టిగా.

డాక్టరమ్మ నన్ను తనవైపు తిప్పుకుంది. "నువ్వు లేదనాల్సింది ఎప్పుడో నీకెట్ల తెలిసింది బిడ్డా?" అని అడిగింది.

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. రొద వినబడినప్పుడే లేదన్నానని అర్థమయ్యాక ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే, ఆమె అడగకుండానే, గీతల సంగతి కూడా బయటికి వచ్చేసింది.

ఆమె కోపం చేయలేదు. నల్లట్ట పుస్తకం తెరిచి చెల్లె పేరున్న చోటు వేలితో చూపించింది. "ఏం రాసిన్నో వింటావా? దూది రోజుకు నాలుగుసార్లు పెట్టినా గుణం లేదు. ఇది నిజమనుకొని పట్నంల పెద్ద డాక్టర్లకు పంపుదునేమో. మందు లేంది ఈ చెవులు మానవని వాళ్ళు అనుకుందురు. మందు దొరకనోళ్ళు ఇగ దూది కూడ పెట్టకపోదురు." ఆ వారాల రాత మొత్తం అడ్డంగా కొట్టేసింది. అంత పనీ పోయిందని ఆమె మొహంలో కనబడుతూనే ఉంది.

అంగడి నుంచి వచ్చే అమ్మకు చెప్తుందనీ, ఈ పని ఇంకెవరికైనా ఇస్తుందనీ అనుకున్నాను. ఆమె కొత్త కాగితం తీసి నా చేతిలోనే పెట్టింది. "చేస్తే గీత. చెయ్యకపోతే సున్న పెట్టు. సున్న చూసి నిన్ను ఏమనను. నాకు సున్న కూడ కావాలె, నిజం సున్న అయితే చాలు." తర్వాత నా రెండు చెవులూ నిజంగానే పరీక్ష చేసి, పుస్తకంలో నా పేరు రాసి, రెండూ బాగున్నాయని పక్కన రాసింది. చెల్లెకు పేజీలకు పేజీలుంటే నాకు ఒక్క వరుసేనా అని అప్పుడు కూడా మనసులో చురుక్కుమంది. అబద్ధమెందుకు!

ఆ వారం కాగితం మీద రెండు సున్నలున్నాయి. డాక్టరమ్మ వాటిని చూసి, తల ఊపి, పుస్తకంలోకి ఎక్కించుకుంది. అంతే. సున్న పెట్టాలంటే సిగ్గు, గీత గీయాలంటే పని. చివరికి పనే తేలికనిపించింది. జొన్న కోతల నాటికి చెల్లె చెవి పొడిగా ఆరింది. వినికిడి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. నేను ఎగ్గొట్టిన రోజుల వల్లనేనా అని అడిగాను. "తెలియదు బిడ్డా" అంది ఆమె. నన్ను ఓదార్చడానికైనా కాదని చెప్పలేదు.

రాజ్యం మారే గడబిడలో డాక్టరమ్మ ఎటో వెళ్ళిపోయింది. ఆ పుస్తకం ఏమైందో తెలియదు. చెల్లెకు ఈ సంగతి చెప్పడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇద్దరమూ మనవలను ఎత్తుకున్నాక, ఒక మధ్యాహ్నం కందులు చెరుగుతూ చెప్పాను. అది చాట ఆపలేదు.

"నాకెరికే గదక్కా. నువ్వు గీతలు గీస్తుంటే పక్కన్నే ఉన్న గద."

"మరి డాక్టరమ్మకు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నిన్ను మానిపిచ్చి ఇంకెవర్నన్న పెడ్తరని భయం. నువ్వు నా దగ్గర కూసునేది గప్పుడే గద. నాలుగుసార్లు కాకున్న ఒక్కసారన్న కూసుంటివి."

నా చేతిలో కందులు అట్లాగే ఉండిపోయాయి. దాని పీట కోసం, నీలం కాగితం కోసం నేను చచ్చిపోతుంటే, అది నా కోసం కాచుకొని కూర్చుందన్నమాట. ఆరేళ్ళ పిల్లకు అంత ఓర్పు ఎక్కడిదని ఆ క్షణంలో కూడా నాకు అసూయే కలిగింది. ఆ అసూయ ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.

డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నది మాత్రం నిలిచింది. నిన్న మా మనవరాలు మందుబిళ్ళ వేసుకున్నావా నానమ్మా అని అడిగింది. మరిచిపోయాను. వేసుకున్నానంటే ఆ పిల్ల నిశ్చింతగా పనికి పోయేది. లేదు బిడ్డా, వేసుకోలేదు అన్నాను.