పగిలిన సాక్షి

ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో మా ఇంటి గురించి అందరికంటే ముందు మాట్లాడింది వీధి తలుపు. ఆ చలికాలం భుజంతో నెట్టినా మూసుకునేది కాదు. సముద్రపు తేమకి చెక్క ఉబ్బిందనుకుని రంపం తెచ్చి అంచు కోశాం. మళ్లీ పట్టేసింది, మళ్లీ కోశాం. పాత ఇళ్లలో బతికే మా అందరి తప్పూ అదే. గోడ కుంగుతుంటే తలుపుని కోస్తాం.

రెండో అంతస్తులో ఉండే అర్పినే అనే ఆవిడ మాత్రం రంపం ముట్టలేదు. ముప్పై ఏళ్లు గోడలకి ప్లాస్టర్ పూసిన మనిషి. మెట్ల పక్కన వెంట్రుకంత బీట కనిపిస్తే, దానికి అడ్డంగా అరచేతంత ప్లాస్టర్ ముద్ద పలచగా అతికి, పెన్సిలుతో తేదీ వేసింది. ఆ పనివాళ్లు దాన్ని సాక్షి అంటారు. గోడ కదిలితే ముందు పగిలేది అదే.

మూడో అంతస్తులో ఉండే కొమోరో దీవుల మొయినేషా, ముగ్గురు పిల్లల తల్లి, దిగుతూ ఎక్కుతూ ఆటపట్టించేది.

“అక్కా, నీ సాక్షి ఇవాళేం చెప్పింది?”

“ఇంకా నోరు విప్పలేదే. నువ్వు కాస్త నేర్పించు.”

పదకొండో రోజున సాక్షి నిలువునా రెండయింది. ఇల్లు చూసుకునే ఏజెంటుకి అర్పినే ఫోన్ చేస్తే, వసంతంలో రంగులు వేయిస్తానన్నాడు. రెండో సాక్షి ఆరు రోజులు నిలిచింది. మూడోది రెండే రోజులు. మూడుసార్లు చెప్పినా ఆయనకి రంగులే గుర్తొచ్చాయి. చెప్పాల్సింది ఆయనకి కాదని అప్పుడు తోచింది ఆమెకి. పగిలిన ముక్కలన్నీ వంటింటి తువ్వాలులో మూటకట్టుకుని, నగరపాలక సంస్థలో ప్రమాదకర భవనాలు చూసే విభాగానికి వెళ్లింది.

ఫారం నింపుతున్న ఉద్యోగిని తలెత్తకుండా అడిగింది. “సాక్షులెవరైనా ఉన్నారా మేడమ్?”

అర్పినే మూట విప్పింది. “ముగ్గురున్నారమ్మా. తేదీలతో సహా చెబుతారు.”

మధ్యాహ్నానికల్లా ఇంజినీరు మా నేలమాళిగలో ఉన్నాడు. కారే మురుగు గొట్టం పక్కన, ఇల్లంతా మోసే స్తంభం ఆయన వేలికి ఇసుకలా రాలింది. వెంటనే ఖాళీ చేయమన్నాడు. సాయంత్రానికి ఇంట్లో ఉండే పదకొండుమందిమీ సంచులతో రోడ్డు మీదున్నాం. పొయ్యి మీద అన్నం వదిలొచ్చానని మొయినేషా నగరపాలక సంస్థ చూపిన హోటల్ దాకా గొణుగుతూనే ఉంది.

నాలుగో రోజు వాన పడింది. తెల్లవారేసరికి మెట్లన్నీ మూడో అంతస్తు నుంచి నేలమాళిగలోకి కూలిపోయి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. ఎవరూ దగ్గరికి రాకుండా కట్టిన తాడుకి ఇవతల నిలబడి మొయినేషా పిల్లల తలలు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత అర్పినే గరుకు చేతిని తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. అన్నం మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

మరమ్మతులు పూర్తయి, పదహారు నెలలకి ఇల్లు మళ్లీ మాదయింది. పాత గోడ, కొత్త గోడ కలిసే చోట అర్పినే ఇంకో ముద్ద అతికింది. ఈసారి తేదీ మొయినేషా రాసింది. రోజూ దాని ముందు ఆగి పలకరిస్తుంది. అది నోరు విప్పదు. కింద వీధి తలుపు, ఆమె చిన్నకూతురు ఒక్క వేలితో తోస్తే, గాలి కూడా కదలనంత మెత్తగా మూసుకుంటుంది.