చంకలో ఫ్లాస్కు

మొంతెవిదేయో నగర చరిత్ర రాసినవాళ్ళు యుద్ధాలకూ ఒప్పందాలకూ ఇచ్చిన చోటులో పదో వంతైనా వాల్దెమార్ ఎడమ చంకకు ఇచ్చి ఉండాల్సింది. సిటీబస్సులో కండక్టరుగా చేరిన నాటినుంచీ ఆ చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు ఉంది. అదే చేతి గుప్పిట్లో మాతె ఆకు నింపిన సొరబుర్ర; అందులో వేణ్ణీళ్ళు పోసుకుని టీలా పీల్చడం ఆ ఊరి అలవాటు. టిక్కెట్లు చించడానికీ, పెళ్ళిలో ఉంగరం తొడగడానికీ కుడిచెయ్యి ఒక్కటే సరిపోయింది. ప్రభుత్వాలు మారాయి, సైన్యం వచ్చింది, పోయింది. ఫ్లాస్కు మాత్రం కదల్లేదు. పచ్చినీళ్ళు ముట్టేవాడు కాదు. అవి గుర్రాలు తాగేవని అతని సిద్ధాంతం.

అందుకే, రిటైరయ్యాక ఒక నరాల డాక్టరమ్మ "నడిచేటప్పుడు మీ ఎడమచెయ్యి ఊగడం లేదు. ఎన్నాళ్ళనుంచి?" అని అడిగితే అతనికి ప్రశ్నే అర్థం కాలేదు.

"ఈ ఊళ్ళో ఎవరి ఎడమచెయ్యి ఊగుతుందమ్మా?"

డాక్టరమ్మ కిటికీలోంచి చూసింది. బస్టాపులో నిలబడ్డవాళ్ళలో సగంమంది చంకల్లో ఫ్లాస్కులున్నాయి. ఆవిడా కాసేపు తికమకపడింది. తర్వాత అతని వేళ్ళ వణుకూ, చీమంత అయిపోయిన సంతకమూ చూసి పార్కిన్సన్స్ అని తేల్చింది. మాత్రలు రాసి, పేట క్లబ్బులో ఆ జబ్బువాళ్ళతో టేబుల్ టెన్నిస్ ఆడమంది.

వాల్దెమార్ మాత్రలు తీసుకెళ్ళి అలమరలో పెట్టాడు. చెడింది చెయ్యో, అలవాటో తేలేదాకా మింగేది లేదన్నాడు.

"ఫ్లాస్కు కింద పెట్టి నాలుగడుగులు వెయ్యి, తేలిపోతుంది" అంది భార్య నెలిదా.

"ఊగకపోతే?"

ఫ్లాస్కు చంకలోనే ఉండిపోయింది.

క్లబ్బుకూ దానితోనే వెళ్ళాడు, నెలిదాను వెంటబెట్టుకుని. అక్కడ తికమక ఇంకా పెరిగింది. గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయి, ఇద్దరు పట్టుకుంటేగాని లోపలికి రాలేని ఒసిరిస్ అనే పెద్దమనిషి, బంతి కనబడగానే పిల్లిలా దూకుతున్నాడు. ఇది జబ్బా, నాటకమా?

ఆట నేర్పే మికాయెలా వచ్చింది. "పెద్దాయనా, ఆ ఫ్లాస్కు బెంచీ మీద పెట్టండి. ఒళ్ళు తూలకుండా ఉండాలంటే రెండో చెయ్యి కావాలి."

"ముప్ఫయ్యేళ్ళు కదిలే బస్సులో నిలబడ్డాను తల్లీ. తూలడం గురించి నాకా చెప్తావు!"

"అయితే టిక్కెట్టు కొట్టవయ్యా, ఎక్కేస్తాం!" అని అరిచాడు ఒసిరిస్.

మూడో వారం ఒసిరిస్ బంతిని మూలకు విసిరికొట్టాడు. వాల్దెమార్ ఆలోచించలేదు. నడుం వంగింది, కుడిచెయ్యి చాచుకుంది, ఎడమచెయ్యి రెక్కలా విచ్చుకుంది. బంతి అవతల పడింది. ఫ్లాస్కు ఇవతల పడింది. లోపలి గాజు భళ్ళుమంది. నేలంతా వేణ్ణీళ్ళు.

"చూశావా నెలిదా! చెయ్యి లేచింది! నాకే జబ్బూ లేదు!"

బెంచీ మీది నెలిదా ఏడవాలో నవ్వాలో తెలియక చప్పట్లు కొట్టింది.

మికాయెలా నేల తుడిచే కర్ర తెచ్చింది. "బల్ల దగ్గర లేస్తుంది పెద్దాయనా. అందుకేగా ఆడిస్తున్నాం. వీధిలో ఏం చేస్తుందో చూసుకోండి."

"ఒకటే చెయ్యి కదా! ఇక్కడో మాటా, వీధిలో ఇంకో మాటా?"

"నన్ను చూడు" అన్నాడు ఒసిరిస్. "ఇక్కడ పులిని. మా వంటింటి గుమ్మంలో బీరువాని."

ఫ్లాస్కు లేకుండా వాల్దెమార్ ఇంటికి నడవడం ఇదే మొదలు. తను చూసుకోనన్నాడు. నెలిదాను వెనక నడవమన్నాడు.

"ఊగుతోందా?"

"కుడిది బ్రహ్మాండంగా ఊగుతోంది."

"నేనడిగింది దాన్ని కాదు."

నెలిదా రెండడుగులు ముందుకొచ్చి ఎడమచెయ్యి చూసింది. "ముసలాయనా, లేని ఫ్లాస్కుని పట్టుకున్నట్టు పట్టుకున్నావు."

"అలవాటయ్యుంటుంది."

"అయ్యుంటుంది. వదిలెయ్యి మరి."

వాల్దెమార్ వదిలేశాడు. చెయ్యి కిందికి దిగింది. వీధి మలుపు తిరిగేసరికి మళ్ళీ పక్కటెముకలకు అతుక్కుంది. అలవాటా, జబ్బా? నిజం చెప్పాల్సిన సాక్షి క్లబ్బు చెత్తబుట్టలో ముక్కలై ఉంది.

ఇంటికి చేరి అలమర తెరిచాడు. నీళ్ళు కాగేదాకా ఆగలేదు. మాత్రను పచ్చినీళ్ళతో మింగాడు.